పదిమందికి గిట్టకపోతే తప్పు మనదేనా?

మన తెలుగులో రెండు సామెతలున్నాయి. 'నిప్పు లేనిదే పొగ రాదు' అన్నది ఒకటి. 'లోకులు పలుగాకులు' అన్నది రెండోది. మొదటిది నిజమైతే, పదిమంది ఒకణ్ణి ఆడిపోసుకుంటున్నారంటే వాడిలో ఏదో లోపం ఉండే ఉండాలి. రెండోది నిజమైతే, ఎవరేమనుకున్నా మనం పట్టించుకోవలసిన పనే లేదు. ఒకదానికొకటి ఎదురుగా ఉన్న ఈ రెంటినీ మనం సమయం చూసి వాడుకుంటాం. ఇంకొకడి సంగతి వచ్చినప్పుడు నిప్పు కోసం వెదుకుతాం. మన సంగతి వచ్చినప్పుడు కాకులను తిడతాం.

కాని మనలోనే మరో రకం వాళ్లున్నారు. వీళ్ల లెక్క తలకిందులు. తరగతిలో ఇద్దరు పలకరించకపోతే చాలు, మెస్సులో పక్క చోటు ఖాళీగా మిగిలితే చాలు, 'నాలోనే ఏదో దోషం ఉంది' అని రాత్రంతా కుమిలిపోతారు. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నవాడిగా నేను చూసినంతలో, చదువు మధ్యలో మానుకొని ఊరికి పోయేవాళ్లలో ఫీజు కట్టలేనివాళ్లతో పాటు ఇట్లా కుమిలిపోయినవాళ్లూ ఉన్నారు. ఏ రిజిస్టరులోనూ ఈ కారణం రాయరు. అందుకే యూనియన్ సోదరులు సావనీరుకు వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు ఈ విషయమే తీసుకున్నాను.

నేను క్రైస్తవుణ్ణి. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, పెనుకొండ మీదుగా హిందూపురానికి ప్యాసింజరు బండిలో తిరిగి చదువుకున్నవాణ్ణి. కాబట్టి ఈ ప్రశ్నకు బైబిలు ఏమంటుందో, ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల చరిత్ర ఏమంటుందో కలిపి చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఇతర మతాల మిత్రులు దీన్ని ప్రచారమనుకోవద్దని మనవి. కుమిలిపోవడానికి మతభేదం లేదు గదా!

యోబు మిత్రుల వాదం

బైబిలులో యోబు గ్రంథమని ఒకటి ఉన్నది. యోబు ఆస్తినీ బిడ్డలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకొని బూడిదలో కూర్చుంటాడు. చుట్టాలు మొహం చాటేస్తారు. పనివాళ్లు పిలిస్తే పలకరు. ముగ్గురు మిత్రులు మాత్రం పరామర్శకు వస్తారు. ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతవరకు వాళ్లు మంచి మిత్రులే. నోరు విప్పినాక ముగ్గురి వాదమూ ఒకటే: ఇంత వచ్చిందంటే నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పుకో. యోబు ఒప్పుకోడు. గ్రంథం చివర దేవుడు కోపించింది ఆ మిత్రుల మీద.

యోహాను సువార్తలోనూ ఇట్లాంటి సంగతే ఉన్నది. పుట్టుగుడ్డిని చూపించి శిష్యులు యేసును అడుగుతారు: పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. ప్రశ్నలోనే తీర్పు ఉంది చూడండి. ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలన్నది వాళ్లకు ముందే ఖాయం. ఇద్దరిదీ కాదని యేసు జవాబిచ్చాడు.

మనుషులు ఇట్లా ఎందుకు ఆలోచిస్తారు? మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ఒక ప్రయోగం ప్రచురించాడు. ఒక యువతికి విద్యుత్ షాకులు తగులుతున్నట్లు నటింపజేసి కొందరు విద్యార్థినులకు చూపించారు. ఆమె బాధను ఆపే వీలు తమకు లేదనుకున్నవాళ్లు, జాలిపడటం పోయి, ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగా నడుస్తున్నదని నమ్మితేగాని మనకు నిద్ర పట్టదు. కాబట్టి బాధపడేవాడు దానికి తగినవాడే అయి ఉండాలని మనసుకు సర్దిచెప్పుకుంటాం. విషాదమేమంటే, బాధపడేవాడు కూడా అదే లోకంలో పెరిగినవాడు. వాడు సైతం తన మీద ఇదే తీర్పు ఇచ్చుకుంటాడు.

కళ్లు పోయిన ఇద్దరు

ఈ తీర్పు ఎంత దూరం పోగలదో మన ప్రాంతపు కథలే చెబుతాయి. హిందూపురానికి కూతవేటు దూరంలో లేపాక్షి ఉన్నది. అక్కడి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో, అనగా 1529కీ 1542కీ నడుమ, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. రాజుగారి ఖజానా సొమ్మును గుడికి ఖర్చుపెట్టాడని విరూపణ్ణ మీద చాడీలు చెప్పారనీ, శిక్ష అమలయ్యేలోగా ఆయనే తన కళ్లు పెరికి గోడకేసి కొట్టాడనీ స్థలపురాణం. గోడ మీది ఎర్రటి మరకలను ఈనాటికీ చూపిస్తారు. ఇది జనశ్రుతి, చరిత్ర అని నేననను. కాని తరతరాలుగా జనం చెప్పుకుంటున్నారంటే అందులో మనుషుల అనుభవం ఏదో ఉండాలి. ఇతరులు మన మీద వేసిన శిక్షను మన చేత్తో మనమే అమలు చేసుకోవడం అన్నదే ఆ అనుభవం. హాస్టల్ గదిలో తలుపు వేసుకొని ఏడ్చేవాడు చేస్తున్నదీ అదే.

పెనుకొండకు పోతే మహామంత్రి తిమ్మరుసుదని చెప్పే సమాధి మంటపం చూపిస్తారు. కృష్ణదేవరాయలు తండ్రిలాగా చూసుకున్న మంత్రి ఆయన. చిన్నవాడైన రాకుమారుడు తిరుమల చనిపోయాడు. మంత్రి ఇంటివాళ్లే విషం పెట్టించారని రాయలు నమ్మి వాళ్లను చెరసాలలో వేయించాడని 1535 ప్రాంతంలో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తిమ్మరుసు కళ్లు తీయించాడనీ, నిర్దోషి అని తరవాత తెలిసిందనీ జనం చెప్పుకునే కథ. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలో గుమ్మడిగారిని చూసి కంట తడిపెట్టని తెలుగువాడు అరుదు.

ఈ రెండు కథల్లోనూ పోయినవి కళ్లే కావడం నన్ను ఆలోచనలో పడేసింది. చూడలేకపోయింది నింద వేసినవాళ్లు. కళ్లు పోగొట్టుకున్నది నింద పడ్డవాళ్లు. ఒకరికి గిట్టకపోవడమూ, ఒకరు దోషి కావడమూ రెండు వేర్వేరు సంగతులని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అట్లాగని అంతా లోకుల తప్పేనా?

ఇక్కడ మనం జాగ్రత్తపడాలి. కొందరు క్రైస్తవ సోదరులు ఈ మాట వినగానే ఉత్సాహపడతారు. 'క్రీస్తునే లోకం ద్వేషించింది, నన్ను ద్వేషించడంలో వింతేముంది' అంటారు. క్రీస్తును ద్వేషించిన మాట వాస్తవమే. సొంత ఊరు నజరేతువాళ్లే ఆయనను కొండ మీదనుంచి తోసేయబోయారని లూకా రాశాడు. అందరూ మిమ్మల్ని పొగిడే రోజు మీకు మంచి రోజు కాదని కూడా ఆయన శిష్యులను హెచ్చరించాడు. అబద్ధ ప్రవక్తలనూ అందరూ అట్లాగే పొగిడారని కారణం చెప్పాడు.

అయితే అదే కొత్త నిబంధనలో పేతురు రాసిన మొదటి పత్రిక కూడా ఉన్నది. క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడనక్కర లేదు గాని, నేరం చేసి బాధపడవద్దని పేతురు హెచ్చరిస్తాడు. ఆ నేరాల పట్టిక చూడండి. హంతకుడు, దొంగ అన్న పెద్ద మాటల వరుసలోనే ఇతరుల సంగతుల్లో తలదూర్చేవాణ్ణి కూడా కూర్చోబెట్టాడు! అంటే ప్రతివాడి సంగతీ నాకే కావాలని తిరిగి, నలుగురిచేతా చీవాట్లు తిని, ఇది నా విశ్వాసం కోసం నేను పడుతున్న శ్రమ అనుకోవడానికి వీల్లేదు. మందిరానికి పోయేవాడు కాబట్టి వాడు గిట్టడా, లేక మందిరానికి పోనివాళ్లను పురుగుల్లాగా చూస్తాడు కాబట్టి గిట్టడా? ఈ రెంటికీ చాలా తేడా ఉన్నది.

కాబట్టి బైబిలు 'తప్పు నీదే' అనీ అనదు, 'తప్పు నీది కాదు' అనీ అనదు. విచారించి చూడమంటుంది.

చీరను వెలుతురుకు పట్టి చూడాలి

ధర్మవరంలో నేసిన చీరను షావుకారు వెలుతురుకు పట్టి చూస్తాడు. ఎక్కడో ఒక గీత కనబడుతుంది. ఆ గీత యాడ నుంచి వచ్చింది? పేక సమంగా పడకపోతే అది నేతగాడి చెయ్యి. పడుగులో పోగు ముందే పలచగా ఉంటే అది పట్టు తీసినచోటి లోపం. రంగు సమంగా పట్టకపోతే అద్దకం చేసినచోటి లోపం. ఇదేమీ చూడకుండా నేతగాడి కూలి కోస్తే అది అన్యాయం. అట్లాగని ఏ గీతా నేతగాడిది కాదంటే అది అబద్ధం.

ఆదికాండంలోని యోసేపు కథను ఇట్లా వెలుతురుకు పట్టి చూడండి. పదిహేడేళ్ల కుర్రవాడు. అన్నలకు వాడంటే గిట్టదు. ఎందుకని? తండ్రి వాడొక్కడికే ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు: అది తండ్రి పక్షపాతం. వాడు అన్నల మీద తండ్రికి చాడీలు మోశాడు, మీరంతా నాకు మొక్కినట్లు కల వచ్చిందని వాళ్ల ముందే చెప్పాడు: అది వాడి అమాయకత్వమో, నోటి దురుసో. అన్నల కడుపులో అసూయ ఉన్నది: అది వాళ్ల పాపం. ఒక్క అయిష్టంలో ముగ్గురి చేతులున్నాయి. కాని తమ్ముణ్ణి గుంటలో తోసి అమ్మిన నేరం మాత్రం పూర్తిగా అన్నలదే. వాడి నోటి దురుసు దానికి సాకు కాదు.

నా మట్టుకు నేను అయిష్టాన్ని నాలుగు రకాలుగా విడదీస్తాను.

మొదటిది, అసలు లేని అయిష్టం. 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో కొత్తవాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి మాట్లాడించారు. తరవాత విడివిడిగా అడిగితే, ఎదుటివాడికి తాను నచ్చిన దానికన్నా తక్కువగా నచ్చాననే సామాన్యంగా ప్రతివాడూ అనుకున్నాడు. పలకరించనివాడు బహుశా పరీక్ష గురించో, ఇంటి అప్పు గురించో ఆలోచిస్తూ ఉండవచ్చు.

రెండోది, పుట్టుకను బట్టి వచ్చే అయిష్టం. కులం, భాష, రంగు, ఊరు. పల్లెల్లో టీ హోటళ్లలో కొందరికి వేరే గ్లాసు పెట్టే పద్ధతి మన పెద్దలందరికీ తెలిసిందే. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దుచేసింది. వేరే గ్లాసులో తాగినవాడి తప్పేమిటి? ఏమీ లేదు. ఇక్కడ ఆత్మపరిశీలన చేసుకోవలసినవాడు గ్లాసు వేరుగా పెట్టినవాడు. బాధితుణ్ణి 'నీలో ఏముందో చూసుకో' అనడం యోబు మిత్రుల పని. ఈ విషయంలో క్రైస్తవ సంఘాలు కూడా చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. కులాన్ని బట్టి బెంచీలు వేరైన మందిరాల సంగతి మనకు తెలియనిది కాదు.

మూడోది, మంచి చేసినందుకు వచ్చే అయిష్టం. హిందూపురం చింతపండు మార్కెట్టులోనైనా, పట్టుగూళ్ల మార్కెట్టులోనైనా తూకం సరిగా వేసే గుమాస్తా అందరికీ నచ్చుతాడా? దానియేలు ప్రవక్త మీద తప్పు వెదికినవాళ్లకు లెక్కల్లో ఏ తప్పూ దొరకలేదు. చివరికి వాడి ప్రార్థననే నేరం చేశారు.

నాలుగోది, మన ప్రవర్తన వల్ల వచ్చే అయిష్టం. మాట దురుసు, తీసుకున్న అప్పు ఇవ్వకపోవడం, ఎదుటివాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చడం. ఇది మనదే. దీనికి దిద్దుబాటు ఉన్నది, అదే దీనిలోని మంచి.

కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. పెట్టె సర్దుకొని ఊరికి పోతూ, చెప్పి పోదామని వచ్చాడు.

"సార్, రూములో నన్ను ఎవరూ కలుపుకోరు సార్. నాలోనే ఏందో ఉండాది. నేను పోతా సార్."

"కూర్చో నాయనా. ఎప్పటినుంచి ఇట్లా?"

విచారిస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. మెస్సు డబ్బు లెక్క తేలనప్పుడు అడిగినవాళ్లకు వాడు నిజం చెప్పాడు. ఇది ఒకటి. రెండోది, పక్కవాడు ఇంగ్లీషులో ఒక మాట తప్పు పలికితే నలుగురి ముందూ దిద్ది నవ్వే అలవాటు వాడికున్నది. మొదటిదానికి మూడో రకం అయిష్టం, రెండోదానికి నాలుగో రకం. రెండూ కలిసిపోయి వాడికి ఒకే పెద్ద కొండలాగా కనబడ్డాయి. "నవ్వినందుకు క్షమించమని అడుగు. నిజం చెప్పినందుకు మాత్రం అడగొద్దు" అని చెప్పాను. వాడు పోయి అడిగాడు. ఇద్దరు మళ్లీ మాట్లాడారు. ఒకడు మాట్లాడలేదు, డిగ్రీ అయిపోయేవరకూ మాట్లాడలేదు. అయినా పెట్టె విప్పి మళ్లీ మంచం కిందికి తోశాడు. నాకు కావలసింది అదే.

మన్మాడ్ నుంచి బత్తలపల్లికి

అయిష్టాన్ని కొలతబద్దగా పెట్టుకోకూడదనడానికి మన కళ్లముందటి ఉదాహరణ విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో పుట్టి, 1952లో జెస్యూట్ సభ్యుడిగా భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో బీద రైతులచేత బావులు తవ్వించాడు. అక్కడి పలుకుబడి కలిగినవాళ్లు కొందరికి ఆయన గిట్టలేదు. మతమార్పిడి ఆరోపణలు వచ్చాయి. 1968లో దేశం విడిచిపొమ్మని ఉత్తర్వు అయింది. అప్పుడు దాదాపు 30,000 మంది రైతులు ఆయన కోసం మన్మాడ్ నుంచి బొంబాయి దాకా 250 కిలోమీటర్లు నడిచారు. ప్రధాని ఇందిరాగాంధీ జోక్యంతో ఆయన తిరిగి రావడానికి దారి దొరికింది. 1969లో అనంతపురం వచ్చాడు. 1970లో జెస్యూట్ సంఘాన్ని విడిచి వివాహం చేసుకున్నాడు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశాడు. ధర్మవరానికి దగ్గరలోని బత్తలపల్లిలో, తాను స్థాపించిన సంస్థ ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే, ఆయనను సమాధి చేశారు.

ఒకే సంవత్సరం, ఒకే మనిషి. కొందరు పొమ్మన్నారు, వేలమంది ఉండమని నడిచారు. పొమ్మన్నవాళ్లను బట్టి ఆయన దోషా? నడిచినవాళ్లను బట్టి ఆయన దేవుడా? రెండూ కాదు. ఆయనను కొలవవలసింది బావుల్లో పడిన నీళ్లతో. ఇంకొక సంగతి కూడా గమనించాలి. తనను వద్దన్నచోట కూర్చొని ఆయన జీవితమంతా తగాదా పడలేదు. కరువుసీమను వెదుక్కొని వచ్చి పనిలో పడ్డాడు. సమరయలో ఒక ఊరు యేసును రానివ్వనప్పుడు శిష్యులు నిప్పులు కురిపిద్దామన్నారు. ఆయన వాళ్లను గద్దించి వేరే ఊరికి నడిచాడు.

మరి మనమేం చేయాలి?

మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ఒక సంగతి ఉన్నది. అర్పణ ఇవ్వడానికి బలిపీఠం దగ్గరకు పోయినప్పుడు నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉన్నదని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు పోయి సమాధానపడమంటాడు యేసు. వాడి కోపం న్యాయమైనదా కాదా అన్నది అక్కడ ప్రస్తావించలేదు. పద్దెనిమిదో అధ్యాయంలో దీనికి తిరుగుముఖం ఉన్నది: నీ సహోదరుడే నీ పట్ల తప్పు చేస్తే, నువ్వే పోయి ఒంటరిగా మాట్లాడమంటాడు. తప్పు నాదైనా నేనే పోవాలి, వాడిదైనా నేనే పోవాలి! తప్పెవరిదో తేలేదాకా ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే తరాలు గడిచిపోతాయి. మన పల్లెల్లో గట్టు తగాదాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

కాని పోయినంత మాత్రాన వాడు తలుపు తీస్తాడని హామీ లేదు. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు అందరితో సమాధానంగా ఉండమంటూనే రెండు హద్దులు గీశాడు: సాధ్యమైతే, నీ చేతిలో ఉన్నంతవరకు. నీ చేతిలో లేనిదానికి నీకు లెక్క అడగరు. సౌలు రాజు దావీదు మీద ఈటె విసిరాడు. దావీదు పగ తీర్చుకోలేదు, గుహలో చేతికి చిక్కినా చంపలేదు. అట్లాగని మళ్లీ ఆ ఈటె అందేంత దూరంలో పోయి కూర్చోనూ లేదు. క్షమించడం వేరు, దెబ్బ తినడానికి మళ్లీ మొహం పెట్టడం వేరు. హింసించేవాళ్ల నుంచి దూరంగా జరగడం పాపం కాదు. ర్యాగింగు లాంటిది జరిగితే పెద్దలకు చెప్పడం చాడీ కాదు.

చివరగా తీర్పు సంగతి. కొరింథు సంఘంలో కొందరికి పౌలు గిట్టలేదు. ఆయన ఏమన్నాడంటే, మీరు నన్ను విమర్శించడం నాకు చాలా చిన్న సంగతి అన్నాడు. అక్కడితో ఆగితే అది గర్వమయ్యేది. నన్ను నేను కూడా విమర్శించుకోను, నాలో నాకు దోషం కనబడనంత మాత్రాన నేను నీతిమంతుణ్ణి కాను, తీర్పు తీర్చేవాడు ప్రభువు అని కలిపాడు. లోకుల మాట చివరి మాట కాదు. మన మనసు మాట కూడా చివరి మాట కాదు. కుమిలిపోయేవాడికి ఈ రెండో సగం ముఖ్యం. 'నేను పనికిరానివాణ్ణి' అని మనసు ఇచ్చే తీర్పుకు కూడా పైకోర్టు ఉన్నదని దాని అర్థం.

సోదర విద్యార్థులారా! మీలో ఎవరైనా పదిమందికి గిట్టకుండా పోతే, ముందు ఆ సంగతిని వెలుతురుకు పట్టి చూడండి. మిమ్మల్ని నిజంగా ప్రేమించే ఒక్క మనిషిని, అమ్మనో, అన్ననో, స్నేహితుణ్ణో, లెక్చరర్నో అడిగి చూడండి. ఒంటరిగా రాత్రి రెండు గంటలకు మాత్రం తీర్పు చెప్పుకోవద్దు. మీ చేతి గీత అయితే దిద్దుకోండి. కాకపోతే తల ఎత్తుకొని తరగతికి రండి. ఇక తక్కినవాళ్లకు ఒక మనవి. రేపు మెస్సులో ఒకడి పక్క చోటు ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీగా ఉందని విచారించకుండా పోయి కూర్చోండి. విచారణ భోజనమయ్యాక చేసుకోవచ్చు.